చుట్టరికాల వెంట నడిచిన సువార్త



ఈ పూట మమ్మల్ని ఒక పుస్తకం గురించి చెప్పమన్నారు. పేరు ‘ది రైజ్ ఆఫ్ క్రిస్టియానిటీ’. రాసినాయన రాడ్నీ స్టార్క్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త. 1996లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ ప్రెస్ వాళ్లు వేశారు. ఆయన వేదాంత పండితుడు కాదు, ప్రాచీన చరిత్ర చదువుకున్నవాడూ కాదు. మతాలు ఎలా పుడతాయి, ఎలా పెరుగుతాయి అని లెక్కలు కట్టడంలో జీవితం గడిపిన మనిషి. 2022లో కన్నుమూశారు. బెంగళూరులో మేం ఏడెనిమిది మందిమి ఆదివారం ఆరాధన అయ్యాక కూర్చుని ఈ పుస్తకం చదివాం. ఇంగ్లిషు బాగా వచ్చినవాళ్లు చదివి తెలుగులో చెప్పేవాళ్లు. మిగిలినవాళ్లం విని, వాదించుకుని, టీ తాగి ఇంటికి వెళ్లేవాళ్లం. అలా చాలా ఆదివారాలు పట్టింది.

ఈ పుస్తకమే ఎందుకంటే, మనలో ప్రతి ఒక్కరూ కాలేజీలోనో ఆఫీసులోనో ఇంటి ఓనరు దగ్గరో విన్న ప్రశ్న ఒకటుంది. “మీ తాతలకు ఏమిచ్చారు? బియ్యమా, పాలపొడా?” ఒడిశాలో ఉన్న మనవాళ్లకైతే 1967 నుంచి ఏకంగా చట్టమే ఉంది. ‘ప్రలోభం’ అనే మాట అందులో ఉంది. దీనికి మన సంఘాల్లో మనం చెప్పుకునే జవాబు ఒక్కటే: దేవుని ఆత్మ కదిలించాడు. నిజమే, మేమూ అదే నమ్ముతాం. కానీ ఆత్మ ఏ దారిన వచ్చాడు, ఎవరి గుమ్మం తట్టాడు అని అడిగితే నోరు పెగలదు. స్టార్క్ అడిగింది ఆ దారి గురించే. దేవుడు చేశాడా లేదా అన్నది ఆయన చర్చించలేదు. మనుషులు ఏం చేశారో మాత్రం చూశాడు.

ముందు లెక్క చెబుతాం. క్రీ.శ. 40లో వెయ్యి మంది విశ్వాసులు ఉన్నారనుకోండి. పదేళ్లకు నలభై శాతం చొప్పున పెరిగితే 100వ సంవత్సరానికి ఏడున్నర వేలు అవుతారు. 200కు రెండు లక్షల పద్దెనిమిది వేలు. 300కు అరవై మూడు లక్షలు. 350కి మూడు కోట్లు దాటతారు, అంటే ఆరు కోట్ల రోమా సామ్రాజ్యంలో సగానికి మించి. ఇవి జనాభా లెక్కల్లోంచి తీసినవి కావు, అంచనాలు. ఆ సంగతి స్టార్కే చెప్పాడు. కొందరు చరిత్రకారులు ఈ మొదటి వెయ్యినీ ఒప్పుకోరు, ఆ శాతాన్నీ ఒప్పుకోరు. అయినా ఈ లెక్కలో మమ్మల్ని ఆపిన విషయం ఒకటుంది. పదేళ్లకు నలభై శాతం అంటే ఏడాదికి మూడున్నర శాతం కూడా కాదు. నూరుమంది ఉన్న సంఘంలోకి ఏడాదికి ముగ్గురో నలుగురో రావడం. అంతే! కన్వెన్షన్‌లో ఒక్క రాత్రి వేల చేతులు లేవాల్సిన పని లేదు. కాన్‌స్టాంటైన్ చక్రవర్తి వచ్చి నిలబెట్టాల్సిన అవసరమూ లేదు. ఆయన వచ్చేసరికే సంఘం పెరిగి ఉంది. ఆ పెరుగుదలను చూసే రాజు తన దారి మార్చుకున్నాడని స్టార్క్ వాదన.

మరి ఆ ముగ్గురూ నలుగురూ ఎవరు? ఇక్కడ స్టార్క్ తన యౌవనంలో చూసిన సంగతి చెబుతాడు. 1960ల మొదట్లో ఆయన, జాన్ లాఫ్‌లాండ్ కలిసి అమెరికాలో అప్పుడే అడుగుపెట్టిన ఒక కొరియా మతశాఖను దగ్గరుండి గమనించారు. దాన్ని తెచ్చిన ఆవిడ సభలు పెట్టి మాట్లాడినా ఎవరూ రాలేదు. చివరికి చేరింది ముగ్గురు గృహిణులు. ఆవిడ అద్దెకున్న ఇంటి ఆవిడ, ఆ ఇరుగుపొరుగు స్నేహితురాళ్లు. తర్వాత వాళ్ల భర్తలు, ఆ తర్వాత భర్తల తోటి పనివాళ్లు. బోధ నచ్చి చేరినవాళ్లకంటే, చేరినవాళ్లు తనకు కావలసినవాళ్లు కాబట్టి తానూ చేరి, బోధను తర్వాత నేర్చుకున్నవాళ్లే ఎక్కువ.

ఇది విని మాలో ఒకాయన కాస్త నొచ్చుకున్నాడు. “అయితే వాక్యానికి విలువ లేదా?” అన్నాడు. అప్పుడు పక్కనున్న అక్క రోమా పత్రిక పదహారో అధ్యాయం తీసింది. మనం ఎప్పుడూ దాటేసే అధ్యాయం, అన్నీ పేర్లే. ఫీబే, ప్రిస్కిల్ల, అకుల, రూఫు, రూఫు తల్లి. వాళ్ల తల్లి తనకూ తల్లే అని పౌలు రాశాడు. ఎవరింట్లో సంఘం కూడుతుందో, ఎవరు తనకు బంధువులో, ఎవరు తనతో జైల్లో ఉన్నారో అన్నీ అందులో ఉన్నాయి. వాక్యం గాలిలో ఎగిరి రాలేదు, ఈ ఇళ్లలోంచే నడిచి వచ్చింది.

పుస్తకంలో మాకు అన్నిటికంటే గట్టిగా తగిలిన భాగం అంటురోగాల గురించి. 165లో మార్కస్ ఆరేలియస్ చక్రవర్తి కాలంలో ఒక పెద్ద తెగులు వచ్చి సామ్రాజ్యమంతా పాకింది. 250 ప్రాంతంలో ఇంకొకటి వచ్చింది. రెండోసారి అలెగ్జాండ్రియా బిషప్పు దియొనీసియస్ రాసిన ఉత్తరంలోని భాగాలను చరిత్రకారుడు యూసేబియస్ భద్రపరిచాడు. విశ్వాసులు రోగుల దగ్గరే ఉండి సేవ చేశారని, అలా చేస్తూ చాలామంది తామూ చనిపోయారని, అన్యులు మాత్రం సొంతవాళ్లనే ఊపిరి ఉండగా వీధిలోకి నెట్టారని దాని సారాంశం. మనవాడు మనవాళ్ల గురించి రాసుకున్నది కదా, కొంచెం తగ్గించి చదవాలి. అందుకే స్టార్క్ శత్రువు సాక్ష్యం తెస్తాడు. నాలుగో శతాబ్దంలో క్రైస్తవాన్ని వెనక్కి నెట్టాలని చూసిన జూలియన్ చక్రవర్తి 362లో తన పూజారికి రాసిన ఉత్తరంలో ఇదే ఒప్పుకున్నాడు. ఈ గలిలయులు తమ బీదలనే కాక మన బీదలను కూడా పోషిస్తున్నారు, మనం చూస్తే సిగ్గుచేటుగా ఉంది, అని ఆయన గోల.

స్టార్క్ ఇక్కడ ఒక మామూలు మాట అంటాడు. మందు లేకపోయినా మంచినీళ్లు తాగించి, గంజి పోసి, శుభ్రం చేసి, పక్కన ఒక మనిషి ఉంటే బతికేవాళ్లు చాలామంది ఉంటారు. అలా బతికినవాడికి అప్పటికి సొంతవాళ్లు పోయి ఉంటారు, లేదా వదిలేసి పారిపోయి ఉంటారు. గంజి పోసిన చేయి ఒక్కటే మిగులుతుంది. అతని కొత్త చుట్టరికం అదే. కార్తేజిలో బిషప్పు సిప్రియన్ మనవాళ్లకు చేస్తే గొప్పేముంది, బయటివాళ్లకూ చెయ్యండి అని బోధించాడని ఆయన జీవితం రాసిన డీకను చెబుతాడు.

ఈ అధ్యాయం చదివిన ఆదివారం మేం చాలాసేపు మాట్లాడలేదు. 2021 ఏప్రిల్, మే నెలలు మీకూ గుర్తున్నాయి. మన ఇళ్లలో పౌరకార్మికులు ఉన్నారు, ఆసుపత్రి వార్డుల్లో పనిచేసేవాళ్లు ఉన్నారు. వాళ్లకు ఇంట్లో కూర్చునే అవకాశమే లేదు. మా సంఘం కుర్రాళ్లు కొందరు సిలిండర్లు మోశారు, మరికొందరు శవాలు మోశారు. అది చెప్పుకోవచ్చు. చెప్పుకోలేనిది కూడా ఉంది. మా సంఘంలోనే కొన్ని ఇళ్లకు అన్నం క్యారియర్లు వెళ్లాయి, కొన్ని ఇళ్లకు వెళ్లలేదు. ఎవరూ కావాలని చేయలేదు. ఎవరికి ఎవరు ఫోన్ చేస్తారో ఆ వరసలోనే అన్నం వెళ్లింది. ఫోన్ ఆ వరసలోనే ఎందుకు వెళ్లిందో ఇక్కడ ఉన్న అందరికీ తెలుసు. ఆ సంగతికి మళ్లీ వస్తాం.

స్త్రీల గురించి ఒక అధ్యాయం ఉంది. ఈజిప్టులో దొరికిన ఒక ఉత్తరాన్ని స్టార్క్ చూపిస్తాడు. క్రీ.పూ. 1లో హిలారియన్ అనే కూలివాడు అలెగ్జాండ్రియా నుంచి ఊళ్లో గర్భిణిగా ఉన్న భార్యకు రాసింది. ఎంతో ఆప్యాయంగా, బిడ్డను బాగా చూసుకో, జీతం రాగానే డబ్బు పంపుతాను అంటూ, ఆ చేత్తోనే మగపిల్లవాడైతే ఉంచు, ఆడపిల్లయితే పారెయ్యి అంటాడు. కోపం లేదు, బాధా లేదు, కూరగాయలు తెమ్మన్నంత మామూలుగా రాశాడు. సంఘం దీన్ని పాపం అంది. శిశువులను పారేయడాన్ని, గర్భం తీయించడాన్ని నిషేధించింది. భర్త పోయినవాళ్లను మళ్లీ పెళ్లి చేసుకొమ్మని తరమలేదు, పోషించింది. అందువల్ల సంఘంలో ఆడవాళ్ల సంఖ్య పెరిగిందని, వాళ్ల ద్వారా కుటుంబాలు వచ్చాయని ఆయన అంటాడు. మన దగ్గర స్కానింగ్ కేంద్రాల గోడ మీద బోర్డులు ఇంకా ఉన్నాయంటే హిలారియన్ చచ్చిపోలేదన్నమాట.

ఆ అధ్యాయంలోనే ఒక చిన్న జాబితా ఉంది. 303లో హింస మొదలైనప్పుడు ఉత్తర ఆఫ్రికాలోని సిర్తా పట్టణంలో అధికారులు ఒక సంఘం కూడుకునే ఇంటిని సోదా చేసి సామాన్లు రాసుకున్నారు. అందులో మగవాళ్ల అంగీలు 16, ఆడవాళ్ల అంగీలు 82, ఆడవాళ్ల చెప్పులు 47 జతలు. ఇచ్చినవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ కాబట్టి ఇలా ఉందేమో అంటాడు స్టార్క్. మాలోని అక్క ఒకావిడ చప్పున అంది, “ఇచ్చినవాళ్లవి కాదు, పుచ్చుకునేవాళ్లవి. ఆ ఇంట్లో విధవరాండ్రకు పంచడానికి దాచినవి.” ఆవిడ ఏ విశ్వవిద్యాలయంలోనూ చదవలేదు. ముప్పై ఏళ్లుగా మా సంఘంలో క్రిస్మస్ చీరల లెక్క చూస్తోంది. మాకు ఆవిడ మాటే సరి అనిపించింది.

ఇక్కడి నుంచే స్టార్క్‌తో మా తగువు మొదలైంది. తొలి సంఘం బీదల ఉద్యమం కాదంటాడు ఆయన. కొత్త మతాలు చదువూ సంపదా ఉన్నవాళ్లనే ముందు ఆకర్షిస్తాయని, తొలి క్రైస్తవుల్లో మధ్య తరగతి, పై తరగతి వాళ్లు గణనీయంగా ఉన్నారని వాదిస్తాడు. కొరింథు మొదటి పత్రిక మొదటి అధ్యాయంలో పౌలు ‘మీలో గొప్పవంశంవారు అనేకులు లేరు’ అనే అర్థంలో చెప్పిన మాట ఉంది కదా, అనేకులు లేరంటే కొందరు ఉన్నారనేగా అంటాడు.

కొందరు ఉన్నారు, కాదనం. ఊదారంగు బట్టల వ్యాపారి లూదియ ఉంది, పట్టణ ఖజానాదారు ఎరస్తు ఉన్నాడు. వాళ్ల ఇళ్లు పెద్దవి కాబట్టే సంఘం అక్కడ కూడింది, వాళ్ల పేర్లే మిగిలాయి. కానీ 112 ప్రాంతంలో గవర్నరు ప్లినీ క్రైస్తవుల గుట్టు తెలుసుకోవడానికి ఎవరిని చిత్రహింస పెట్టాడు? ఇద్దరు దాసీలను. సంఘంలో వాళ్లు పరిచారకులు. ఆయన వాళ్ల పేర్లు రాయలేదు. రెండో శతాబ్దంలో క్రైస్తవం మీద పుస్తకం రాసిన సెల్సస్ ఏమని వెక్కిరించాడు? ఉన్ని వడికేవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు మనకు జ్ఞానం చెబుతారా అని. 251లో రోమా బిషప్పు కొర్నేలి రాసిన ఉత్తరం ప్రకారం ఆ ఒక్క పట్టణ సంఘమే పదిహేను వందలకు పైగా విధవరాండ్రను, దిక్కులేనివాళ్లను పోషిస్తోంది. పేర్లు మిగిలినవాళ్లను లెక్కపెడితే గొప్పవాళ్లు కనిపిస్తారు. అన్నం తిన్నవాళ్లను లెక్కపెడితే వేరే సంఘం కనిపిస్తుంది.

చెప్పులు కుట్టేవాళ్లు అనగానే మా బృందంలో సగం మంది తల ఎత్తారు. మా పూర్వీకులు ఒంగోలు, నెల్లూరు వైపువాళ్లు. ఆ కథ క్లుప్తంగా చెబుతాం, ఎందుకంటే స్టార్క్ సిద్ధాంతానికి ఇంతకంటే మంచి రుజువు ఆయన పుస్తకంలో కూడా లేదు.

యెర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేసే మాదిగ. పనిమీద ఉత్తరంగా వెళ్లినప్పుడు బంధువు ద్వారా సువార్త విన్నాడు. దొర చెప్పగా వినలేదు. 1866లో ఆయన, భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టేసరికే పేరయ్య తన చుట్టుపక్కల పల్లెల్లో చుట్టాలకు చెప్పేశాడు. మాదిగపల్లె నుంచి మాదిగపల్లెకు, వియ్యపువారి నుంచి వియ్యపువారికి అది పాకింది. అదే సమయంలో ఒంగోలు పట్టణంలో పై కులాలవాళ్లు తమ పిల్లలకు బడి కావాలన్నారు, క్లౌ నడిపాడు. పల్లెల నుంచి మాదిగలు వచ్చి చేరేసరికి, వీళ్లను చేర్చుకుంటే మేం రామన్నారు. ఏం చేయాలో తోచక క్లౌ బైబిలు తెరిస్తే కొరింథు మొదటి పత్రికలోని ఆ భాగమే కనిపించిందని, ఆయన భార్య కూడా వేరే గదిలో అదే భాగం తెరిచిందని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. ‘కొందరు ఉన్నారుగా’ అని స్టార్క్ లెక్క తీసిన ఆ వచనమే ఒంగోలులో ఎవరిని ఎంచుకోవాలో తేల్చింది. పై కులాల పిల్లలు బడి వదిలిపోయారు.

తర్వాత 1876 నుంచి 1878 దాకా గొప్ప కరువు. ప్రలోభం మాట ఇక్కడే వస్తుంది, దాచక్కర్లేదు. క్లౌ బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్లు తవ్వే కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆకలి జనాన్ని ఆ కాలువ దగ్గరికి తెచ్చింది. అది దానం కాదు, గడ్డపార పట్టి తవ్విన కూలి. బోధకులే మేస్త్రీలుగా ఉండి, పనివాళ్లు అలసి కూర్చున్నప్పుడు సువార్త చెప్పారు. బాప్తిస్మం ఇవ్వమని అడిగినవాళ్లకు మాత్రం క్లౌ పదిహేను నెలలు ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదని. సహాయం ఆగిపోయింది, ఇక డబ్బులు లేవు అని కబురు పెట్టాకా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజులో 2,222 మంది. మన గురించి ఎవరైనా బియ్యం మాట ఎత్తితే ఆ పదిహేను నెలల సంగతి చెప్పండి. ఆకలి నిజం, ఆగడమూ నిజం. కరువు రావడానికి పదేళ్ల ముందు పేరయ్య నడిచిన దారీ నిజం.

మరో చిన్న సంగతి. క్లౌ రెండో భార్య ఎమ్మా రాషెన్‌బుష్ మాదిగల జీవితం మీద ఒక పుస్తకం రాసింది. ‘సామాజిక సువార్త’ అని మనం తరచూ అనే మాటకు పెద్దగా చెప్పుకునే వాల్టర్ రాషెన్‌బుష్ ఆవిడ తమ్ముడు. మన సంఘసేవ మాటల వంశవృక్షంలో ఒంగోలు మాదిగపల్లె కూడా ఉందన్నమాట.

ఆ చుట్టరికాలు అక్కడ ఆగలేదు. నాటాల్ చెరకు తోటలకు కూలికి వెళ్లిన మనవాళ్ల కోసం తెలుగు బాప్టిస్టులు తమ సొంత కానుకలతో 1903లో జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికా పంపారు. మన కోలారు బంగారు గనుల్లో, మద్రాసులో, బెంగళూరు పేటల్లో తెలుగు ఆరాధనలు ఎలా మొదలయ్యాయో మీ ముసలివాళ్లను అడగండి. ముందు ఒక మేనమామ వచ్చి ఉంటాడు.

ఇప్పుడు ఇందాక ఆపిన మాట. చుట్టరికం ఎంత దూరం పోతుందో సువార్త అంత దూరం పోయింది. చుట్టరికం ఎక్కడ ఆగిందో అక్కడే ఆగింది. కృష్ణా జిల్లా పల్లెల్లో చర్చి మిషనరీ సొసైటీ పని రాఘవాపురం పగోలు వెంకయ్యతో ఊపందుకుంది. ఆయన మాల. అక్కడి సంఘాల్లో మాలలు పెరిగారు. ఇక్కడ మాదిగలు పెరిగారు. తర్వాత ఎవరి సంఘం వాళ్లది, ఎవరి శ్మశానం వాళ్లది, ఎవరి పాస్టరు వాళ్లవాడు. మన దేశంలోనే పుట్టి, ఇక్కడే పనిచేసిన డొనాల్డ్ మెగావ్రన్ అనే మిషనరీ ఈ పద్ధతిని సూత్రంగా మార్చాడు. జనం తమ జాతినీ తరగతినీ దాటకుండానే విశ్వాసులు కావడానికి ఇష్టపడతారు కాబట్టి అలాగే రానివ్వండి అని. ఎదుగుదలకు అది పనికొచ్చింది, ఒప్పుకుంటాం. దానికి కట్టిన వెల మన ఆడపిల్లల పెళ్లి ప్రకటనల్లో చూడండి. ‘క్రైస్తవ వరుడు కావలెను’ అని ఉంటుంది. ఆ కింది వరసలో ఉపకులం ఉంటుంది.

స్టార్క్ కూడా ఇదే హెచ్చరిస్తాడు, వేరే మాటల్లో. కొత్తవాళ్లతో కొత్త బంధాలు పెట్టుకునే దాకానే ఒక ఉద్యమం పెరుగుతుంది. తమలో తామే ముడి వేసుకున్న రోజు నిలిచిపోతుంది. ఆయన అంతియొకయ పట్టణం గురించి వివరంగా రాశాడు. ఇరుకు, మురికి, మంటలు, భూకంపాలు, పద్దెనిమిది జాతుల పేటలు. శిష్యులకు క్రైస్తవులు అనే పేరు వచ్చింది ఆ ఊళ్లోనే. పేతురు అన్యజనులతో కలిసి భోంచేస్తూ, యెరూషలేము నుంచి తనవాళ్లు కొందరు రాగానే పక్కకు తప్పుకున్నదీ ఆ ఊళ్లోనే. పౌలు అందరి ముందు ఆయన్ని నిలదీశాడు. గలతీ పత్రిక రెండో అధ్యాయం. పేతురు సిద్ధాంతం మార్చుకోలేదు, బోధ మార్చలేదు. భోజనం దగ్గర లేచాడు, అంతే.

మేం చదివిన చివరి ఆదివారం డిగ్రీ చదివే చెల్లెలు ఒకామె అడిగింది. “అన్నా, మనం ఇన్ని వారాలు కలిసి చదివాం. మీరెవరైనా ఎప్పుడైనా మా ఇంట్లో అన్నం తిన్నారా?” ఎనిమిది మందిలో ఇద్దరు తిన్నారు. మిగిలిన ఆరుగురం ఆ నెలలో వెళ్లాం. వాళ్లమ్మ చింతచిగురు పప్పు చేసింది.

పుస్తకం ప్రతులు మా దగ్గర రెండే ఉన్నాయి. కావలసినవాళ్లు సభ అయ్యాక పేరు రాయించుకోండి, నెలకొక ఊరికి పంపుతాం. యానాం నుంచి, షోలాపూర్ నుంచి వచ్చినవాళ్లు ముందు తీసుకోండి, మీకు దూరం ఎక్కువ. చదివేటప్పుడు ఆ తరగతుల అధ్యాయం దగ్గర మా తగువు మీకు నచ్చకపోతే రాసి పంపండి. ఇప్పుడు ప్రశ్నలు అడగండి.